రేకు ట్రేలో మైదానం

బడి వెనక గది,
వేసవి చివర

పెద్దనాన్నా,

ముందు నమస్కారం చెప్పి, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో అడిగి, పెద్దమ్మ క్షేమం కనుక్కుని ఆ తర్వాత విషయానికి రావడం మర్యాద. నాకు అంత ఓపిక లేదు. నాకో మైదానం దొరికింది!

కొత్త ఉద్యోగం సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. చూపులేని పిల్లలు అక్కడే ఉండి చదువుకునే బడి ఇది. నేను ఆటల టీచర్ని. చేరిన రోజున హెడ్‌మేడమ్ బడంతా తిప్పి చూపించి, వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి "అటు ఏమీ లేదులే" అన్నారు. ఏమీ లేదంటే నేను ఊరుకునే రకమా? తలుపు తోసుకుని వెళ్ళాను. ఒకప్పుడు పచ్చికట. హాస్టల్ కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సున్నం, రాళ్ళు అన్నీ తెచ్చి దాని మీదే పోశారు. ఇప్పుడు మోకాలెత్తు కలుపు. మధ్యలో మట్టి బండలా బిగుసుకుపోయి ఉంది. ఈ గోడ నుంచి ఆ గేటు దాకా నడిస్తే ఆయాసం వస్తుంది, అంత పెద్దది. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడి పిల్లలు వరండాలో తాడు పట్టుకుని వరసగా నడుస్తారు. అదే వాళ్ళ ఆటల పీరియడు. వాళ్ళలో ఒక అమ్మాయి ఉంది, గొంతు ఖంగున మోగుతుంది కాబట్టి అందరూ గంట అంటారు. మొన్న నన్ను పట్టుకుని "టీచర్, పరిగెత్తడం అంటే తొందరగా నడవడమా?" అని అడిగింది. ఇంకో విచిత్రం, సాయంత్రం బడి వదిలాక వీళ్ళు ఈ కలుపులోనే పడి తిరుగుతుంటారు. చెప్పులు వేసుకోండర్రా అంటే ఒక్కరూ వినరు. పల్లేరు కాయలు గుచ్చుకుంటే పీకి పారేసి మళ్ళీ నడుస్తారు. ఎందుకో అర్థం కాదు.

చిక్కేమిటంటే, మా ట్రస్టు చైర్మన్ గారు గోడ నుంచి గోడకి టైల్స్ వేయించి, మధ్యలో పట్టుకోవడానికి రెయిలింగులు పెట్టిస్తానంటున్నారు. మనిషి మంచివారే. పిల్లలు ఎక్కడ పడిపోతారో అని ఆయనకి బెంగ. నేను వెళ్ళి బతిమాలాను. చివరికి ఒక మాట ఇచ్చారు. విద్యా సంవత్సరం చివర ట్రస్టు సభ జరిగే రోజున, ఒక్క పిల్లయినా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఎవరూ పిలవకుండా, ఆ గోడ నుంచి గేటు దాకా పరిగెత్తి చూపించాలి. పడకూడదు. అలా అయితే గడ్డి ఉంటుంది, లేకపోతే టైల్స్.

కవర్లో నాలుగు రకాల కలుపు ఆకులు పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టమంటారు? ఉద్యోగమంతా ఆటల మైదానం చూసుకున్న మనిషి ఇంట్లో ఉండగా నేను ఎవర్ని అడగాలి?

మీ
ఈలమ్మ

—

మూడో అంతస్తు, బాల్కనీ,
ఉత్తరం అందిన పూటే

ఈలమ్మా,

చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మోకాళ్ళు గుర్తు చేస్తే మళ్ళీ కూర్చున్నాను. మీ పెద్దమ్మ కంగారుపడి "ఎవరికేమైంది?" అంటే "మైదానం దొరికింది" అన్నాను. ఆవిడ తల కొట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చిన్నప్పుడు నా ఈల దొంగిలించి వీధంతా ఊదుకుంటూ తిరిగిన పిల్లవి, ఇంతకన్నా ఏమవుతావు! సరే, విను. నువ్వు పంపినవాటిలో ఒకటి తుంగ. అది పైకి కనిపించేదొక్కటే కాదు, కింద గడ్డలుంటాయి, గడ్డ మిగిలిందా నీ పని అయిపోయినట్టే. ఇంకోటి వయ్యారిభామ. పేరు చూసి మోసపోకు, దాని పుప్పొడికి దద్దుర్లొస్తాయి, పూత రాకముందే వేర్లతో సహా లాగేయించు, చేతులకి తొడుగులు వేసుకో. పల్లేరు సంగతి నీ పిల్లలకే తెలుసు. నాలుగోది నలిగి పేస్టయింది, అది గంగవాయిలి అయ్యుండాలి.

ముందు మట్టి చూడాలి. గాజు సీసాలో సగం మట్టి, మిగతా నీళ్ళు పోసి బాగా గిలకొట్టి కిటికీలో పెట్టు. తెల్లారేసరికి ఏది ఎంతుందో పొరలు పొరలుగా అదే చెబుతుంది. ఆ పొరలు చూడకుండా పార పట్టావంటే నాకు ఉత్తరం రాయకు.

ఇక సూత్రం ఒక్కటే, మంచం మీద దుప్పటిలా ఉండాలి. ఒకే గడ్డి, ఒకే ఎత్తు, ఒకే రంగు. మా మైదానంలో అయితే ఈ చివర బంతి వదిలితే ఆ చివరి దాకా వంకర పోకుండా వెళ్తుంది. మా సన్న గరిక మీద చెప్పులేసుకుని నడిచినవాణ్ణి నేను క్షమించను. వేరే మొక్క ఒక్కటి కనబడితే నాకు రాత్రి నిద్ర పట్టదు. నీకూ పట్టకూడదు.

వెంటనే రాయి. నాకు ఇక్కడ ఏం పని లేదనుకోకు, ఊపిరి సలపనంత పని. అయినా రాయి.

మీ పెద్దనాన్న

—

బడి వెనక గది,
మొదటి వాన పడ్డాక

పెద్దనాన్నా,

సీసా పొరలు చూశాను. అడుగున ఇటుక పొడి, దాని మీద తెల్లటి సున్నపు పొర, పైన నీళ్ళు. తేలాల్సిన ఆకుచెత్త పీచు కూడా లేదు. గంట ఆ సీసా ఊపి చెవి దగ్గర పెట్టుకుని "లోపల అంతా గులకరాళ్ళే టీచర్" అని తేల్చేసింది. నేను కళ్ళు పెట్టి చూసి చెప్పింది ఆమె చెవితో చెప్పేసింది.

మీరు నమ్మరు, మొత్తం బడి దిగింది! పెద్ద పిల్లలు వరసగా కూర్చుని చేతులతో తడుముకుంటూ రాళ్ళు ఏరారు. మట్టిలోంచి ఏమేం వచ్చాయో వినండి: తలుపు గొళ్ళేలు, పింగాణీ ముక్కలు, ఒక కుర్చీ కాలు, దాని జత కాలు, ఇంకో చోట సీటు. వాచ్‌మన్ ఆ కుర్చీని అతికించి దాని మీదే కూర్చుంటున్నాడు. వంటమనిషి కోపంగా వచ్చి "నా గరిటె కూడా దొరుకుతుందేమో చూడండి" అంది. దొరికింది!

తుంగ గడ్డలు ఏరడంలో ఈ పిల్లల్ని మించినవాళ్ళు లేరు. నేను గడ్డ అనుకుని తీసేది రాయి, వాళ్ళు తీసేది గడ్డ. మీరు చెప్పకముందే ఎరువుల కొట్టు వాళ్ళు చెబితే జనుము చల్లాను. మొలకలు వస్తే పిల్లలు అరచేతులు ఆనించి "గిలిగింత పెడుతోంది" అని ఒకటే గోల. పూత రాకముందే దున్ని మట్టిలో కలిపేస్తాం. తర్వాత మాగిన పశువుల ఎరువు, ఆకుచెత్త, కాస్త ఇసుక.

ఇంక అసలు కోరిక. గడ్డి వేసే వేళకి మీ మైదానం సన్న గరిక ఒక గోనెసంచి పంపిస్తారా? మీ తర్వాత వచ్చినవాళ్ళు మీ మాట కాదంటారా? మీ గడ్డి మీద మా పిల్లలు పరిగెడితే ఎంత బావుంటుంది!

మీ
ఈలమ్మ

—

బాల్కనీ,
వానల్లో

ఈలమ్మా,

జనుము చల్లావా! నేను చెప్పబోతుంటే నువ్వు చేసేశావు. కోపం వచ్చింది, తర్వాత పొంగిపోయాను, కాబట్టి చెల్లుకు చెల్లు.

జనుము కలిపాక కనీసం రెండు మంచి వానలు పడనివ్వు, లోపల కుళ్ళాలి. తర్వాత చదును. రోలర్ లేదని ఏడవకు, ఖాళీ డ్రమ్ములో ఇసుక నింపి, ఇనప కడ్డీ దూర్చి లాగించు. గోడ నుంచి గేటు దాకా నూలు తాడు కట్టి, తాడుకీ మట్టికీ మధ్య అరచెయ్యి దూరిందా లేదా చూసుకుంటూ పో. ఎక్కడా దిబ్బ ఉండకూడదు, గుంట ఉండకూడదు. మిగిలిన కలుపు మొత్తం తీసెయ్. గోడల వెంబడి, పంపు దగ్గర, మెట్ల దగ్గర కూడా. మొహమాటపడకు.

గరిక సంగతి, ఇప్పుడు అదను కాదు. చూద్దాం. అక్కడ కొత్తవాళ్ళు ఉన్నారు, వాళ్ళకీ నాకూ పెద్దగా మాటల్లేవు. నువ్వు నర్సరీలో కనుక్కో.

మీ పెద్దమ్మ ఆశీస్సులు చెప్పమంది. బాల్కనీ అంతా మట్టి చేస్తున్నానని నా మీద చాడీలు కూడా చెప్పమంది.

మీ పెద్దనాన్న

—

బడి వెనక గది,
వానలు తగ్గాక

పెద్దనాన్నా,

మన పనంతా బూడిదలో పోసిన పన్నీరయింది.

చదును ఎంత బాగా కుదిరిందో! నల్లటి మెత్తటి మట్టి, ఒక్క కలుపు లేదు. నేను గోడ మీదికెక్కి చూసి గంతులేశాను. ఆ సాయంత్రం తలుపు తీసి "వెళ్ళండర్రా, ఇక గుచ్చుకునేదేమీ లేదు" అన్నాను. పిల్లలు దిగారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఒకరినొకరు గుద్దుకున్నారు. చిన్నపిల్ల ఒకతి పంపు అనుకుని గోడకి వెళ్ళి కొట్టుకుంది, పెదవి చిట్లింది. గంట నడిమధ్య నిలబడి, ఆ గొంతుతో, బడంతా వినబడేలా ఏడ్చింది: "మా దారులన్నీ పీకేశారు!"

దారులు, పెద్దనాన్నా. ఆ కలుపంతా వీళ్ళ దారులు. కాలికి తుంగ గరగరా తగిలితే పంపు దగ్గరపడినట్టు. గంగవాయిలి పిచపిచమంటే హాస్టల్ మెట్లు. వంటింటి తూము దగ్గర పిచ్చిగా పెరిగిన పుదీనా, కాలి కింద నలిగి వాసనొస్తే భోజనాల హాలు. గులకరాళ్ళు వస్తే గేటు. చెప్పులు ఎందుకు వేసుకోరో నాకు అప్పుడు అర్థమైంది. ఎన్నేళ్ళుగానో వాళ్ళు కాళ్ళతో నేర్చుకున్న ఊరిని మనిద్దరం కలిసి తుడిచిపెట్టేశాం. వాళ్ళ చేతనే పీకించాం కూడా! "మరి పీకేటప్పుడు చెప్పలేదేం?" అని అడిగితే, "మళ్ళీ అలాగే పెడతారనుకున్నాం టీచర్" అన్నారు.

చైర్మన్ గారికి పెదవి సంగతి తెలిసింది. కోప్పడలేదు. "సభ దాకా ఆగుతానన్నాను, ఆగుతాను. కానీ ఆ రోజు ఎవరైనా పడితే నన్నేమీ అడగొద్దమ్మా" అన్నారు. ఆయన కోప్పడినా బావుండేది.

దీంతో ఒక అట్ట పంపుతున్నాను. పాత మైదానం ఎలా ఉండేదో మీకు గీసి పంపుదామంటే, పిల్లలు నా బొమ్మని పక్కన పడేసి ఇది చేశారు. ఎండిన ఆకులు, రాళ్ళు జిగురుతో అంటించారు. "ఆయన్ని కళ్ళు మూసుకుని చూడమనండి" అని గంట ఆర్డరు.

మీ
ఈలమ్మ

—

బాల్కనీ,
అట్ట అందిన మర్నాడు

ఈలమ్మా,

కళ్ళు మూసుకుని చూశాను.

మొదట వేలు పెట్టి ఊరికే తడిమాను, ఏమీ తెలియలేదు. మీ పెద్దమ్మ కండువా నా కళ్ళకి కట్టి "ఇప్పుడు చూడండి" అంది. గరగరలాడే ఆకు తగిలింది, పంపు. దాన్ని వదిలి పక్కకి జరిగితే నున్నగా ముడతలు పడ్డ ఆకు, మెట్లు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే పుదీనా! నేను భోజనాల హాలు దగ్గరున్నాను ఈలమ్మా, మూడో అంతస్తులో కూర్చుని! మళ్ళీ మళ్ళీ తిరిగాను. గులకరాయి తగిలిన ప్రతిసారీ గేటు దగ్గరికి వచ్చానని ఎగిరిపోయాను. కాఫీ చల్లారిపోయింది.

దుప్పటిలా ఉండాలన్నది నేను. తప్పు నీది కాదు. మైదానాన్ని బయట నిలబడి చూసేవాళ్ళ కోసం చెయ్యడం నాకు తెలుసు, మీ పిల్లలు దాన్ని లోపల నిలబడి చూస్తారు. సరే, ఇప్పుడు నేను చెప్పేది మనసు నిబ్బరం చేసుకుని రాస్తున్నాను: కలుపు నాటు. జన్మంతా పీకినవాడి చేత కలుపు నాటమని రాయిస్తున్నావు, నీకు జోహారు.

పంపు చుట్టూ తుంగ. కానీ దాన్ని నమ్మడానికి వీల్లేదు, పాకేస్తుంది, నేల లోపలికి ఇటుకలు నిలబెట్టి కంచె కట్టి అందులో పెట్టు. మెట్ల ముందు గంగవాయిలి. హాలు దగ్గర పుదీనా. పల్లేరూ వయ్యారిభామా మాత్రం వద్దు, వాటికి నా ఇంట్లో చోటు లేదు.

అసలు కీలకం పరుగు బాట. గోడ నుంచి గేటు దాకా, చేతులు చాచితే పట్టేంత వెడల్పున, సన్న గరిక వెయ్యి. అటూ ఇటూ అంచుల్లో మోటు గడ్డి. పరుగులో కాలు పక్కకి పోయిందా, మోటు గడ్డి గుచ్చి చెబుతుంది, కాలు దానంతటదే లోపలికి వస్తుంది. గేటుకి కాస్త ముందు బాటకి అడ్డంగా గులకరాళ్ళ పట్టీ వద్దు, దెబ్బ తగులుతుంది. పుదీనా పట్టీ వెయ్యి. వాసనొస్తే ఆగాలి. ఎలా ఉంది?

ఇక్కడ ఇంటి గచ్చు మీద గోనెపట్టా, తువ్వాలు పరిచి, కండువా కట్టుకుని నడిచి చూశాను. పని చేస్తుంది! అల్మారాకి కొట్టుకున్నాను గానీ అది అల్మారా తప్పు.

మీ పెద్దనాన్న

—

బడి వెనక గది,
చలి మొదలయ్యే ముందు

పెద్దనాన్నా,

పుదీనా పట్టేసింది, తుంగకి చెప్పనే అక్కర్లేదు, ఇటుకల మీంచి తొంగి చూస్తోంది. పిల్లలు పంపు దగ్గరికీ మెట్ల దగ్గరికీ మళ్ళీ ఒంటరిగా వెళ్తున్నారు! చిన్నపిల్ల పెదవి కూడా మానింది.

కానీ బాట కుదరలేదు. నర్సరీ వాళ్ళు సన్న గరిక అని ఇచ్చింది వట్టి మోటు రకం. నాటి, నీళ్ళు పెట్టి, కంటికి రెప్పలా చూసుకున్నాను. పిల్లలు కాలు పెట్టి "ఇది చీపురు టీచర్" అన్నారు. అంచుకీ బాటకీ తేడా తెలియకపోతే ఇంకేం బాట? దాన్ని అంచులకి మార్చేశాను. మధ్యలో ఖాళీగా ఉంది. సభ దగ్గరపడుతోంది. గడ్డి పాకి అల్లుకోవడానికైనా రోజులుండాలి కదా.

మొహమాటం లేకుండా మళ్ళీ అడుగుతున్నాను. మీ మైదానం గరిక కావాలి. అక్కడి కొత్తవాళ్ళతో మీకు మాటలు లేకపోతే నేనే సెలవు పెట్టుకుని వెళ్ళి అడుగుతాను. చిరునామా రాయండి.

మీ
ఈలమ్మ

—

మూడో అంతస్తు, వంటిల్లు,
మధ్యాహ్నం, ఆయన కునుకు తీస్తుండగా

చిట్టితల్లీ,

నేను పెద్దమ్మని. నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకో.

చిరునామా కోసం చూడకు. ఆ మైదానంలో గడ్డి లేదు. మీ పెద్దనాన్న రిటైరైన ఏడే దాన్ని చెక్కేసి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఎప్పుడూ పచ్చగా ఉంటుందట, నీళ్ళు అక్కర్లేదట. చెక్కేసే రోజున ఈయన వెళ్ళారు. సాయంత్రం వచ్చేటప్పుడు ఒక గడ్డి ముక్క మట్టితో సహా తువ్వాలులో చుట్టుకుని వచ్చారు. పెట్టడానికి ఏమీ దొరక్క నేను రొట్టెలు కాల్చుకునే రేకు ట్రే తీసుకున్నారు. అప్పట్నుంచి నా ట్రే నాకు దక్కలేదు. బాల్కనీలో ఉంది. నా కుట్టు కత్తెరతో దాన్ని కత్తిరిస్తారు. పొద్దున్నే దాని పక్కన కూర్చుని కాఫీ తాగుతారు. ఆ ప్లాస్టిక్ మాట ఇంట్లో ఎవరం ఎత్తం. ఎవరైనా అడిగితే "మా మైదానం బావుంది" అంటారు. నీకూ అలాగే రాస్తున్నారు కదా?

నీ ఉత్తరం చదివినప్పట్నుంచి ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు. ట్రే వైపు చూస్తారు, లేచి లోపలికి వస్తారు, మళ్ళీ వెళ్తారు.

నువ్వు ఇంకోసారి అడగకు తల్లీ. అడిగితే ఇచ్చేస్తారు. నీ పిల్లలకి వేరే ఏదైనా చూడు.

పెద్దమ్మ

—

బడి వెనక గది

పెద్దనాన్నా,

గొప్ప వార్త! సన్న గరిక ఇక్కడే దొరికింది. పక్క వీధిలో ఒకాయన తోటలో. చాలా మెత్తగా ఉంది. మీరు ఇంక శ్రమపడొద్దు. అంతా బావుంది.

మీ
ఈలమ్మ

—

బాల్కనీ

ఈలమ్మా,

నీ ఉత్తరం నాలుగు ముక్కలు. ఇంతవరకు నువ్వు నాకు అంత చిన్న ఉత్తరం రాయలేదు. సన్న గరిక నిజంగా దొరికి ఉంటే దాని వేరు పొడవు దగ్గర్నుంచి ఆ ఇంటాయన మీసం దాకా నాలుగు పేజీలు రాసేదానివి. ఈల దొంగిలించినప్పుడు కూడా ఇలాగే "నా దగ్గర లేదు, అంతా బావుంది" అన్నావు, అది నీ గౌను జేబులోంచి తొంగి చూస్తోంది.

మీ పెద్దమ్మ స్టాంపు అడిగిన రోజే నాకు అనుమానం వచ్చింది. తెలిసిపోయింది కాబట్టి ఇక దాపరికం ఎందుకు. ఈ ఉత్తరంతో పాటు బస్సు పార్సిల్లో రేకు ట్రే వస్తుంది, తడిగుడ్డ చుట్టి, పైన గాలి ఆడేలా గంప బోర్లించాను. నిలువుగా పెట్టనివ్వకు. అందిన గంటలో విప్పు.

వేర్లతో సహా పోగులు విడదీయి. ఒక్కో కణుపు నుంచి ఒక మొక్క వస్తుంది. జానెడు సందు వదిలి నాటు, మట్టి నొక్కి, పొద్దునా సాయంత్రం తడుపు, ఒక్క పూట కూడా ఎండనివ్వకు. చలి ముదిరితే రాత్రిళ్ళు పాత దుప్పట్లు కప్పు. ఈ గరిక పట్టుదల గలది. బాల్కనీలో ఇంత రేకులో బతికింది, అంత నేల దొరికితే ఊరుకుంటుందా?

ఒక ముక్క ఉంచుకోండి అని మీ పెద్దమ్మ అంది. కత్తెర కూడా తెచ్చింది. నేను వద్దన్నాను. మైదానం అన్నాక మనుషులు పరిగెత్తాలి, నేను దాని పక్కన కూర్చుని కాఫీ తాగుతుంటే అది మైదానం ఎలా అవుతుంది? ఇవ్వడానికి ఇన్నాళ్ళు పట్టినందుకు సిగ్గుగా ఉంది. ఇంక దీని గురించి ఓదార్పు ఉత్తరాలు రాయకు. గడ్డి ఎలా ఉందో రాయి చాలు.

మీ పెద్దనాన్న

—

బడి వెనక గది,
సభ జరిగిన సాయంత్రం

పెద్దనాన్నా పెద్దనాన్నా,

గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకోండి.

మీ గరిక పాకిన తీరు నేను ముందు రాసిన ఉత్తరాల్లో చెప్పాను కదా, సభ నాటికి బాట మొత్తం అల్లుకుంది. అక్కడక్కడ మట్టి కనిపిస్తోంది, గేటు వైపు కాస్త పలచన. మీరు చూస్తే ముఖం చిట్లించేవారే. పిల్లలు మాత్రం దాని మీద కాలు పెట్టి దిగమంటే దిగరు. వాళ్ళకి దాని పేరు తాతగారి బాట.

ట్రస్టు వాళ్ళంతా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాచ్‌మన్ తన తవ్వకాల కుర్చీ చైర్మన్ గారికి వేశాడు. గంట గోడకి వీపు ఆనించి నిలబడింది. ఎవరూ మాట్లాడకూడదు, అదీ షరతు. నేను ఈల ఊదాను. ఏ ఈలో తెలుసు కదా.

మొదటి నాలుగడుగులు నడక. తర్వాత వేగంగా నడక. కాలు పక్కకి పోయి మోటు గడ్డి తగిలింది, చటుక్కున లోపలికి వచ్చింది. మళ్ళీ ఇటు తగిలింది, మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఏం తోచిందో, చేతులు దించేసింది! చూపులేని పిల్ల చేతులు ముందుకు చాచకుండా వెళ్ళడం నేను ఇక్కడికి వచ్చాక చూడలేదు. పరుగు, పెద్దనాన్నా! జడలు వెనక్కి ఎగురుతూ, నోరు తెరుచుకుని, నిజమైన పరుగు! నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, అరిచేస్తానని భయం.

సగం దాటాక పడింది.

కాలు మెలికపడి, ధబ్బున, బోర్లా పడింది. చైర్మన్ గారు కుర్చీ తన్నుకుని లేచారు. హెడ్‌మేడమ్ కళ్ళు మూసుకున్నారు.

గంట లేచి కూర్చుంది. మోకాళ్ళు తడుముకుంది. రెండు చేతులతో గడ్డి నిమిరింది. అప్పుడు ఆ గొంతు ఖంగుమంది: "టీచర్! పడితే నొప్పి లేదు!"

అని, లేచి నిలబడి, కావాలని మళ్ళీ పడింది! పకపకా నవ్వుతోంది. గోడ దగ్గరున్న పిల్లలు "ఏదీ, ఏదీ" అంటూ బాట పట్టుకుని వచ్చేశారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడటం, లేవడం, మళ్ళీ పడటం. నా ఈల ఎవరికి వినబడుతుంది? ఆ గోలలోంచి గంట లేచి, కాలితో బాట వెతుక్కుని, మిగతా సగం కూడా పరిగెత్తింది. పుదీనా వాసన తగలగానే ఆగి, గేటు మీద చెయ్యి వేసింది.

చైర్మన్ గారు నా దగ్గరికి వచ్చారు. "పడకూడదన్నాను" అన్నారు. "అన్నారండీ" అన్నాను. ఆయన వంగి బూట్లు విప్పారు, మేజోళ్ళు విప్పారు, బాట మీద కాలు పెట్టారు. గంట పడిన చోటు దాకా నడిచి వెళ్ళి అరచేత్తో నొక్కి చూశారు. "ఇదే టైల్స్ మీద అయ్యుంటే..." అని ఆగిపోయారు. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకుని, "మోకాళ్ళకి నేను భయపడుతూ ఉంటే, మీరు మోకాళ్ళకి పరుపు వేశారు. గడ్డే ఉండనివ్వండి" అన్నారు. నేను ఆయన ముందే ఏడ్చేశాను.

మీ రేకు ట్రే తిరిగి పంపుతున్నాం, ఖాళీగా కాదు. పిల్లలు బాట మీది సన్న గరికే కోసి నింపారు. పడిన చోటు నుంచి కొయ్యమని గంట పట్టుబట్టింది. పెద్దమ్మకి వేరే రొట్టెల ట్రే కొనిచ్చే బాధ్యత నాది.

మీ
ఈలమ్మ

—

బాల్కనీ,
ట్రే అందిన రోజు

ఈలమ్మా,

అందింది. మూత తీయగానే పుదీనా వాసన కూడా వచ్చింది, ఎవరో తుంటరి ఒక రెమ్మ గుచ్చారు. గంటే అయ్యుండాలి.

నీ ఉత్తరం మీ పెద్దమ్మ చేత రెండుసార్లు చదివించుకున్నాను. పడింది అన్న చోట ఆవిడ ఆగిపోయింది, నేను కుర్చీ పట్టుకున్నాను. ఆ తర్వాత ఇద్దరం ఎంత నవ్వామంటే కింది అంతస్తు వాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. నేను వాళ్ళకి మొత్తం కథ చెప్పాను. ప్లాస్టిక్ సంగతి దగ్గర్నుంచి చెప్పాను. మీ పెద్దమ్మ నా వైపు అలాగే చూసింది. నేను ఆ మాట పైకి అనడం ఆవిడ వినడం అదే మొదటిసారి.

నీ గరిక కాస్త ఎత్తుగా వదిలావు, కత్తిరించాలి. గేటు వైపు పలచన అన్నావు, అక్కడ మట్టి ఇంకా సున్నం మీదే ఉన్నట్టుంది, తవ్వి చూడాలి. తుంగ ఇటుకల మీంచి చూస్తోందంటే కింద నుంచి కూడా దూరి ఉంటుంది, అదీ చూడాలి. ఇవన్నీ ఉత్తరాల్లో చెబితే తెమిలేవి కావు.

కింది అంతస్తు వాళ్ళు వెళ్ళాక ట్రే నేల మీద పెట్టి, చెప్పులు విప్పి, గోడ పట్టుకుని దాని మీద కాలు పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. మా మైదానమే ఈలమ్మా. అదే మెత్తన, అదే చల్లదనం. చూపుకి తెలియకపోయినా నా కాలికి తెలుసు. రెండో కాలు కూడా పెడదామని చూశాను. ట్రే చిన్నది, పట్టలేదు.

అందుకని వస్తున్నాం. మెట్లు దిగడానికి ఎంతసేపు పడితే అంతసేపు పడుతుంది, నేను మీ పెద్దమ్మ భుజం పట్టుకుంటానన్నాను, ఆవిడ ట్రే పట్టుకుంటానంది. శనివారం పొద్దుటి బస్సు. గంటని గేటు దగ్గర నిలబడమను, లోపలికి నాకు దారి తెలియదు.

మీ పెద్దనాన్న